గేటు బయటి తొంభై రోజులకు పద్దు ఏది?

తెలుగు రాష్ట్రాల్లో ఖైదీల పునరావాసం అనగానే పేపర్లో పడే ఫొటోలు నాలుగైదు రకాలే. జైళ్ల శాఖ పెట్రోల్ బంకు, బేకరీ, మగ్గాలు, సబ్బులు, ఫర్నిచర్. తెలంగాణలో 'మై నేషన్' పేరుతో జైలు సరుకు అమ్ముతారు. జైళ్ల శాఖ బంకుల్లో ఖైదీలతో పాటు విడుదలైనవాళ్ళకూ పని దొరికింది. ఇవి మంచి పనులే, కాదనను. నా గొడవల్లా ఇవి ఎవరి కోసం కట్టినవి అన్నదాని మీదే. శిక్ష పడి, ఏళ్ళ తరబడి ఒకే జైల్లో ఉండి, సత్ప్రవర్తన కింద పేరు తెచ్చుకున్న కొద్దిమందికే ఇవి అందుతాయి. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి దాదాపు 76 మంది. మూడు నెలలో, ఎనిమిది నెలలో, రెండేళ్ళో లోపల ఉండి ఒక సాయంత్రం బెయిలు మీద బయటికొచ్చే జనం వీళ్ళు. ఏ బేకరీలోనూ వీళ్ళకి పని నేర్పరు, ఎందుకంటే ఎప్పుడు వెళ్ళిపోతారో ఎవరికీ తెలీదు. పునరావాసం అన్న మాటే వీళ్ళకి వర్తించనట్టు మన బడ్జెట్లు రాసుకుంటూ వచ్చాం.

ప్రభుత్వం ఈ పని మీద పెట్టే మొదటి రూపాయి జైలు లోపలి వర్క్‌షాపుకి కాదు, గేటు దాటిన మొదటి తొంభై రోజులకి వెళ్ళాలి. అది విచారణ ఖైదీలకూ అందాలి. జైళ్ల శాఖ పద్దులో కాకుండా వేరే పద్దులో ఉండాలి. ఈ మూడిట్లో ఏది తప్పినా పథకం కాగితం మీదే ఉండిపోతుంది.

ముందు ఆ సాయంత్రం ఏం జరుగుతుందో చూడాలి. కోర్టు బెయిలిచ్చింది, ష్యూరిటీలు దాఖలయ్యాయి, రిలీజ్ ఆర్డరు జైలుకి చేరింది. లాకప్ వేళ లోపు చేరితే ఆ రోజే వదులుతారు, లేకపోతే మర్నాడు. పొద్దున కోర్టులో పని, మధ్యాహ్నం కాగితాలు, ఇంతా అయి మనిషి గేటు బయట నిలబడేసరికి తరచుగా చీకటి పడుతుంది. శిక్ష పూర్తయినవాడికి ఊరి దాకా టికెట్టు, దారి ఖర్చు ఇచ్చే నిబంధన జైలు మాన్యువళ్ళలో పాతదే. బెయిలు మీద వెళ్ళేవాడికి మాత్రం ఇంటివాళ్ళు వస్తేనే బస్సు, రాకపోతే నడకే. జేబులో ఉండేది లోపల పెట్టేటప్పుడు రాయించుకున్న డబ్బు, అదీ ఉంటే.

ఇక కాగితాలు. అరెస్టు రోజున జేబులో ఉన్న ఫోను, పర్సు కేసు ప్రాపర్టీగా జప్తయిపోతాయి. ఆధార్ కార్డు, లైసెన్సు ఆ పర్సులోనే ఉంటాయి. తిరిగి కావాలంటే కోర్టులో పిటిషన్ వెయ్యాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 451 సెక్షన్ కింద వేసేవాళ్ళు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 497 కింద. దీనికి వకీలు ఫీజు ఒకటి. ఫోను నెంబరు మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆపేసే వీలుంది, ఆ తర్వాత అదే నెంబరు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆధార్‌కి, బ్యాంకుకి, గ్యాసుకి లింకైంది ఆ నెంబరే. దాంతో ఓటీపీ రాదు. రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు ఇనాపరేటివ్‌లో, అంటే వాడకంలో లేని ఖాతాల్లో పెడుతుంది. రేషన్ కార్డులో ఈకేవైసీ చెయ్యని పేరు తీసేసే ప్రమాదం ఉంది. డ్రైవరైతే ఇంకో చిక్కు. లైసెన్సు గడువు దాటి ఏడాది అయితే రెన్యూవల్ కుదరదు, మళ్ళీ టెస్టుకి వెళ్ళాల్సిందే. లారీ డ్రైవర్ల లైసెన్సు గడువు అయిదేళ్ళే కాబట్టి జైల్లో ఉండగా అది అయిపోవడం మామూలు.

ఈ ముడులు విప్పడానికి ఒక వరస ఉంది. వరస తప్పితే నెల వృథా అవుతుంది. ముందు వేలిముద్రతో కొత్త సిమ్ తీసుకోవాలి. తర్వాత ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్ళి ఆ నెంబరు ఎక్కించుకోవాలి. దీనికి వేరే పత్రం అడగరు, వేలిముద్ర చాలు, రుసుము వందలోపే. అది అప్‌డేట్ అయ్యాక బ్యాంకు కేవైసీ, ఆ తర్వాతే రేషన్, ఉపాధి హామీ జాబ్ కార్డు, అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు. చాలామంది ముందు బ్యాంకుకెళ్ళి ఓటీపీ రాక తిరిగొస్తారు, అక్కణ్ణుంచి రేషన్ డీలర్ దగ్గరికి, అక్కడా అదే. రాయి కొట్టినవాళ్ళకీ సిమెంటు పనివాళ్ళకీ వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. కనుపాప తీసే యంత్రం ఉన్న కేంద్రం ఎక్కడో వెతుక్కోవాలి. 2023లో ఆధార్ సంస్థ ఒక మంచి పని చేసింది. జైలు అధికారి సంతకం చేసిన ఖైదీ ప్రవేశ పత్రాన్ని నమోదుకీ సవరణకీ రుజువుగా ఒప్పుకుంది. అంటే ఈ పనిలో సగం లోపలే అయిపోవచ్చు. నెలకొక రోజు ఆధార్ కిట్టుని జైలుకి తీసుకెళ్తే చాలు. ఖర్చు ఆపరేటరు రోజు కూలి, వ్యాను డీజిలు. పునరావాసంలో ఇంతకంటే చవకైన పని నాకు కనిపించలేదు. దీనికి రిబ్బను కత్తిరించే అవకాశం లేదు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఆరోగ్యం సంగతీ ఈ వరసలోదే. లోపల టీబీ మందులు మొదలైనవాడికి కోర్సు ఆరు నెలలు. మూడో నెలలో బెయిలొస్తే నిక్షయ్ ఐడీ (టీబీ రోగిగా ప్రభుత్వం ఇచ్చే నమోదు నెంబరు), కనీసం నెల మందులు చేతిలో పెట్టి పంపాలి, ఊరి పీహెచ్‌సీకి ఫోను చెయ్యాలి. అలా చెయ్యకపోతే మందు మధ్యలో ఆగుతుంది, జబ్బు మొండికేస్తుంది, ఇంట్లో పిల్లలకి అంటుతుంది. టీబీ రోగికి పోషకాహారం కింద కేంద్రం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలోకే వస్తాయి. ఖాతా పడుకుని ఉంటే అదీ రాదు. హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందుల మీద ఉన్నవాళ్ళకి ట్రాన్స్‌ఫర్ కాగితం లేకపోతే ఇంకో జిల్లాలోని ఏఆర్‌టీ కేంద్రంలో మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి. మత్తుకి అలవాటు పడినవాళ్ళ సంగతి మరీ ప్రమాదం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో అచ్చయిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో చావు ముప్పు మామూలు జనం కంటే 12 రెట్లకు పైగా తేలింది. ముఖ్య కారణం డ్రగ్ ఓవర్‌డోసే. లోపల ఉన్నన్నాళ్ళూ మత్తు అలవాటు తప్పిన శరీరానికి పాత మోతాదు పడితే తట్టుకోలేదు.

ఆ తర్వాత వాయిదాలు. బెయిలు షరతుల్లో వారానికోసారి స్టేషన్లో సంతకం ఉంటుంది, కోర్టు వాయిదా ఎలాగూ ఉంటుంది. అడ్డా మీద కూలికి నిలబడేవాడికి రెండు రోజులూ కూలి పోయినట్టే. కొత్త మేస్త్రీ రెండోసారి మానేస్తే పిలవడు. బస్సు చార్జీ లేక వాయిదా తప్పితే నాన్‌బెయిలబుల్ వారంటు, ష్యూరిటీ ఇచ్చినవాళ్ళ మీద జరిమానా, మళ్ళీ జైలు. నేరం ఏమీ చెయ్యకుండానే తిరిగి లోపలికెళ్ళే దారి ఇదే. వాయిదాకి ముందు రోజు ఒక ఫోను, రానూపోనూ చార్జీ ఇస్తే ఆగిపోయే నష్టం ఇది. దీన్ని పునరావాసం అనడానికి కొందరికి మనసొప్పదు. నాకైతే కుట్టు మిషను పంపిణీ కంటే ఇదే అసలు పని.

ఇప్పుడు డబ్బు సంగతి. కేంద్ర హోంశాఖ 2023లో పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. ఏటా 20 కోట్లు. మొదలైనప్పటి హద్దుల ప్రకారం, బెయిలొచ్చినా పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షా ఖైదీకి 25,000 దాకా సాయం. అప్పుడు రాసుకున్న తీరు ఇది: బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. ఆయన పది రోజుల్లో ఆర్థిక స్థితి విచారించాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి కూర్చునే జిల్లా కమిటీ ముందు పెట్టాలి. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార కార్యదర్శి, ఒక జడ్జి ఆ కమిటీలో ఉంటారు. పద్ధతి బాగానే ఉంది. లోపమేంటంటే అయిదుగురు పెద్ద అధికారుల వీలు ఒకే రోజు కుదరాలి. కలెక్టరు మీటింగుల్లో ఇది ఎన్నో అంశమో ఊహించుకోవచ్చు. డబ్బు ఉండీ రాష్ట్రాలు వాడుకోవడం లేదని హోంశాఖే లేఖలు రాయాల్సి వచ్చింది.

ఇంకా పెద్ద లోపం మినహాయింపుల్లో ఉంది. అవినీతి నిరోధక చట్టం, మనీలాండరింగ్, ఉగ్రవాద కేసులకి వాడే ఉపా, మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ కేసుల వాళ్ళకి ఈ పథకం వర్తించదు. మొదటి మూడింటి సంగతి పక్కన పెట్టండి. ఎన్‌డీపీఎస్ అంటే మన దగ్గర గంజాయి కేసు. విశాఖ సెంట్రల్ జైల్లో గంజాయి కేసుల కింద మగ్గేవాళ్ళలో పాడేరు వైపు ఏజెన్సీ ఆదివాసులు ఎందరో. మూట మోసినందుకు కూలి తీసుకున్నవాడు దొరుకుతాడు, సరుకు ఎవరిదో వాడికీ తెలీదు. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందికొస్తుంది, అప్పుడు ఆ చట్టంలోని సెక్షన్ 37 వల్ల బెయిలే గగనం. తీరా బెయిలొచ్చాక ష్యూరిటీలకి మైదాన ప్రాంతంలో ఎవరూ దొరకరు. దేశంలో ఈ పథకం అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చే మనుషుల్ని పేరు పెట్టి మరీ బయటికి నెట్టేశారు. సవరణంటూ చేస్తే ఇక్కడ మొదలెట్టాలి: చిన్న పరిమాణం, మధ్య పరిమాణం కేసుల్లో మోసే కూలీలకైనా మినహాయింపు ఎత్తెయ్యాలి.

ఇంతా చేసి ఆ పథకం గేటు దాకానే. గేటు దాటాక ఏమీ లేదు.

ప్రభుత్వానికి ఈ పని చేతకాదా అంటే, చేతనవును. లొంగిపోయిన మావోయిస్టుల విషయంలో చూడండి. కేంద్రం ఇచ్చే పునరావాసం కింద పై స్థాయి వాళ్ళకి 5 లక్షలు, కింది స్థాయి వాళ్ళకి 2.5 లక్షలు, శిక్షణ కాలంలో నెలకు 10,000 చొప్పున మూడేళ్ళు. రాష్ట్రాలు ఇచ్చే రివార్డు, తక్షణ సాయం దానికి అదనం. పద్దెనిమిదేళ్ళు నిండి సంరక్షణ గృహం వదిలే పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000, మామూలుగా 21 ఏళ్ళు వచ్చేదాకా. రెండూ సరైనవే, ఇంకా పెంచినా తప్పులేదు. రెండింటికీ పద్దు ఉంది, ఫారం ఉంది, సంతకం పెట్టే అధికారి ఉన్నాడు. సెల్‌ఫోను దొంగతనం కేసులో పద్నాలుగు నెలలు రిమాండులో ఉండి నిర్దోషిగా బయటికొచ్చినవాడికి ఇందులో ఒక్కటీ లేదు. తుపాకి దించినవాడితో రాజ్యానికి పని ఉంది, ఇతనితో లేదు. తేడా అక్కడే.

ఆలోచనలకి కొరత ఎన్నడూ లేదు. 1954లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వేసిన గోరే కమిటీ విడుదల తర్వాతి సంరక్షణ గురించే. 1980-83 మధ్య జైళ్ళ సంస్కరణల మీద వేసిన జస్టిస్ ముల్లా కమిటీ అదే మాట మళ్ళీ చెప్పింది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో సుప్రీంకోర్టు శిక్ష ఉద్దేశం మనిషిని బాగుచెయ్యడమని విడమర్చింది. 2016 నమూనా జైలు మాన్యువల్లో, 2023 నమూనా జైళ్ల చట్టంలో ఈ విషయం మీద నిబంధనలున్నాయి. నిబంధన రాయడం వేరు, పద్దు తెరవడం వేరు.

పద్దు అనే విసుగు పుట్టించే మాట దగ్గరే అసలు కథ ఉంది. జైళ్ళ ఖర్చు ప్రభుత్వ లెక్కల్లో 2056 అనే పెద్ద పద్దు (మేజర్ హెడ్) కింద వస్తుంది. అందులో జీతాలు, డైటు, కరెంటు, వైద్యం, కట్టడాలు. సూపరింటెండెంటు అధికారం గేటు దగ్గర ఆగిపోతుంది. బయట ఉన్న మనిషి అద్దెకి ఆయన బిల్లు పెడితే ట్రెజరీ అభ్యంతరం రాస్తుంది, ఆడిట్ పేరా వస్తుంది. అందుకే జైళ్ల శాఖ బయటి పని ఏదైనా దాతల డబ్బుతోనో, బంకు లాభంతోనో, ఎవరో ఒక ఉత్సాహవంతుడైన అధికారి చొరవతోనో చేస్తుంది. ఆయన బదిలీ అవగానే అదీ మూలపడుతుంది. సాంఘిక భద్రత, సంక్షేమం కింద ఉన్న 2235లో 'కరెక్షనల్ సర్వీసెస్' అనే చిన్న పద్దు (మైనర్ హెడ్) 106 ఎప్పట్నుంచో ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, దాని కింద ఒక ఉప పద్దు (సబ్ హెడ్) తెరిస్తే చాలు. దాని బిల్లులు పెట్టి డబ్బు తీసే అధికారి (డీడీవో) జిల్లా స్థాయిలో ఉండాలి. ఒక్కో వ్యక్తికి 5,000 దాకా కమిటీ లేకుండా ఒక్క సంతకంతో అదే రోజు ఇచ్చే అధికారం ఆ అధికారికి ఇవ్వాలి. కమిటీ తర్వాత ధ్రువీకరించుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి గేటు బయట నిలబడ్డవాడికి మూడు వారాల తర్వాతి మీటింగు ఎందుకూ పనికిరాదు. ఇంకో జాగ్రత్త: మార్చి 31న మిగిలిన డబ్బు మురిగిపోతుంది కాబట్టి ఫిబ్రవరిలో ఎవరో ఒకరు వెయ్యి కుట్టు మిషన్లు కొనేస్తారు. సామాను కొనుగోలుకి ఆ సబ్ హెడ్‌లో పావు వంతుకి మించి వాడకూడదని జీవోలోనే రాయాలి.

మరి ఎంతవుతుంది? ఇది నా అంచనా, జిల్లాని బట్టి మారుతుంది. చేతి ఖర్చు 2,000. మామూలు ఫోను, సిమ్, మూడు నెలల రీఛార్జి 1,500. మొదటి నెల భోజనం రోజుకు 120 చొప్పున 3,600. కాగితాలకి, వాయిదాలకి చార్జీలు 1,500. పనిముట్లకో, లైసెన్సుకో 5,000. మొత్తం 13,600. దీని మీద ఒక కార్యకర్త కావాలి. జీతం 25,000, తిరుగుడు ఖర్చు 5,000 అనుకుంటే ఏడాదికి 3,60,000. ఒకేసారి నలభై మందిని చూస్తే, మూడు నెలలకొక విడత చొప్పున ఏడాదికి 160 మంది. తలకు 2,250. కలిపితే 15,850. ఇంటికి పోలేనివాళ్ళు నూటికి ఇరవై మంది ఉన్నారనుకుందాం. వాళ్ళకి మూడు నెలల మంచం అద్దె 9,000 అదనం. సగటున ఒక్కొక్కరికి 17,650. ఆడవాళ్ళలో ఈ ఇరవై నలభై అవుతుంది, ఎందుకంటే మగవాడు జైలు నుంచొస్తే ఇల్లు తలుపు తీస్తుంది, ఆడమనిషికి పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మూసుకోవడం మామూలే. వాళ్ళ హాస్టలుకి మొదట్నుంచే ఎక్కువ పెట్టుకోవాలి. నలభై కేసుల హద్దు మాత్రం దాటనీయకూడదు. నూరు అప్పజెప్పారంటే కార్యకర్త రిజిస్టరు రాసేవాడిగా మిగులుతాడు.

2021-22లో దేశంలోని జైళ్ళ మీద అయిన ఖర్చు 6,700 కోట్లకు పైన. అప్పుడు లోపలున్నది 5.54 లక్షల మంది. తలకు ఏడాదికి లక్షా ఇరవై వేలు. రెండు నెలల జైలు ఖర్చు కంటే ఈ తొంభై రోజుల సాయం తక్కువని వెంటనే లెక్కేసి, చూశారా ప్రభుత్వానికి ఎంత ఆదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన వద్దంటాను. ఒక ఖైదీ తగ్గితే వార్డరు జీతం తగ్గదు, గోడ కూలదు, మిగిలేది భోజనం ఖర్చే. ఆదా చూపిస్తామని తెచ్చిన పథకాన్ని ఆదా కనిపించలేదని మూసేస్తారు. ఇది ఖర్చే. రాజ్యం ఒక మనిషి సంపాదన, ఫోను, లైసెన్సు, ఖాతా పోయేలా చేసింది కాబట్టి వాటిని తిరిగి నిలబెట్టే బాధ్యత దానిదే. ఇలా అడగడం నిజాయితీ.

ఫలితాన్ని బట్టి డబ్బు అనే పద్ధతీ ఇక్కడికి రాకపోదు, కాబట్టి ఇంగ్లండ్ అనుభవం చెప్పుకోవాలి. 2010లో పీటర్‌బరో జైల్లో ప్రైవేటు పెట్టుబడితో, ఏడాది లోపు శిక్షలవాళ్ళకి విడుదల తర్వాత సాయం మొదలెట్టారు. అప్పట్లో వాళ్ళకి చట్టప్రకారం ఏ పర్యవేక్షణా లేదు, మన విచారణ ఖైదీల్లాగే. తిరిగి శిక్షపడే సంఖ్య 9 శాతం తగ్గింది, పెట్టుబడిదారులకి డబ్బు తిరిగొచ్చింది. ఆ ఊపులో 2014లో ప్రొబేషన్ సేవల్లో, అంటే విడుదలైనవాళ్ళని కనిపెట్టుకుని ఉండే పనిలో, చాలా భాగాన్ని కంపెనీలకి అప్పగించారు, చెల్లింపులో కొంత ఫలితం మీద. ఫోన్లో పలకరించి కేసు చూశామని రాసుకునే దాకా దిగజారింది. 2021 జూన్‌లో మొత్తం మళ్ళీ ప్రభుత్వంలోకి తెచ్చుకున్నారు. చిన్న పథకంలో పనిచేసింది మనిషికి దొరికిన మనిషి, చెల్లింపు సూత్రం కాదు. మన దగ్గర ఫలితం కొలవడానికి లెక్కలే లేవు. జైలు గణాంకాల్లో 'పాత నేరస్థులు' అన్న వరస శిక్షపడ్డవాళ్ళదే, బెయిలు మీద వెళ్ళి మళ్ళీ అరెస్టయినవాడు అందులో పడడు. కాబట్టి స్వచ్ఛంద సంస్థకి ఇచ్చే గ్రాంటు పనిని బట్టి ఉండాలి: ఎందరికి సిమ్ వచ్చింది, ఎన్ని వాయిదాలు తప్పలేదు, తొంభైవ రోజున ఎందరు ఫోనెత్తారు. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రయాస్ 1990 నుంచి చేస్తున్న పని ఇంచుమించు ఇలాంటిదే. తెలుగు రాష్ట్రాలకి నేర్పేవాళ్ళు దూరంలో లేరు.

నిజాయితీగా బతికేవాడికే దిక్కులేదు, దొంగకి ఫోను కొనిపెట్టాలా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. విచారణ ఖైదీ చట్టం దృష్టిలో దొంగ కాదన్నది సగం జవాబు. మిగతా సగం: శిక్ష పడ్డవాడికి కోర్టు వేసింది ఇన్నేళ్ళని మాత్రమే, ఆ తర్వాత రేషన్ కార్డు లేకుండా ఉండాలని ఏ తీర్పులోనూ రాయలేదు. బాధితుల పరిహారానికి వేరే చట్టం, వేరే నిధి ఉన్నాయి. అక్కడా డబ్బు సరిగా అందడం లేదు, దానికోసం కూడా కొట్లాడాలి. ఒకరి కంచంలోంచి తీసి ఇంకొకరికి పెట్టే సంగతి కాదిది.

చివరికి పోలీసు. పథకం ఎవరి చేతిలో పెట్టినా లబ్ధిదారుల జాబితా స్టేషన్‌కి చేరకూడదు. చేరితే అది రెండో రౌడీ షీటే. ఊళ్ళో ఎక్కడ దొంగతనం జరిగినా ముందు తలుపు కొట్టేది ఆ జాబితాలో ఉన్న ఇళ్ళే. అప్పుడు సాయం తీసుకోవడానికి ఎవడూ రాడు, డబ్బు మిగిలిపోయి 'స్పందన లేదు' అని ఫైలు మూస్తారు. కార్యకర్త హోంశాఖ కింద కాకుండా సంక్షేమ శాఖ కిందో, న్యాయ సేవాధికార సంస్థ కిందో ఉండాలి. దరఖాస్తులో కేసు సెక్షన్ల గడి అక్కర్లేదు, విడుదల తేదీ, జైలు నెంబరు చాలు. బ్యాంకు ఖాతాలో డబ్బు పడినప్పుడు పాస్‌బుక్కులో, ఫోను మెసేజిలో 'ఖైదీ పునరావాసం' అన్న మాట అచ్చుకాకుండా చూడాలి. అద్దె ఇల్లు చూసుకునేటప్పుడు ఆ పాస్‌బుక్కే చిరునామా రుజువుగా ఓనరు ముందు పెట్టేది. సాఫ్ట్‌వేరులో పథకం పేరు 'జీవనోపాధి సాయం' అని ఎక్కించడానికి పైసా ఖర్చు కాదు.